అమ్మ సంచిలోని సీసా

మూడో కీమో నిన్న ఎక్కించారు, రావలసిన తేదీకి 2 వారాలు ఆలస్యంగా. ఆ ఆలస్యం నా చేతుల మీదుగానే జరిగింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలాక మహేంద్రతనయ నది దాటి పాతపట్నం మీదుగా విశాఖ వెళ్లడం, బయాప్సీ, మొదటి 2 కీమోలు పెద్ద ఇబ్బంది లేకుండానే గడిచాయి. ఈలోగా మా మేనత్త కొడుకు, తెల్ల రక్తకణాలను మూడింతలు చేసి క్యాన్సర్‌ను వాటి చేతే చంపిస్తుందంటూ, మూలికల క్యాప్సూళ్ల సీసాలు మూడు 7,500 రూపాయలకు అంటగట్టాడు. ‘డాక్టర్లకు చెప్పకు బావా, వాళ్లకు మన మూలికలు గిట్టవు’ అన్నాడు.

మూడో కీమోకు ముందు రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 212 వచ్చింది. మామూలుగా 40 దాటకూడదు. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’ అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. అమ్మ ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. వెనుక వరసలో ఉన్నవాళ్లందరూ నన్నే చూశారు. డాక్టరమ్మ కోప్పడలేదు, లేబుల్ గట్టిగా చదవమన్నారు. తిప్పతీగ, అశ్వగంధ, పసుపు సారం, మిరియాల సారం అని చదివాను. కింద సన్న అక్షరాల్లో ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న ఇంగ్లీషు మాట కూడా నా చేతే చదివించారు. 39 ఏళ్ల వయసులో అంత తల దించుకున్నది లేదు.

ప్రయోగశాల పళ్లెంలో ఎన్‌కే కణాలు (క్యాన్సర్ కణాలను చంపగల ఒక రకం తెల్ల రక్తకణాలు) చురుకైనంత మాత్రాన మనిషిలో కణితి తగ్గుతుందని కాదని, తిప్పతీగ, అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయని, మందులను కాలేయం విరిచే తీరునే మిరియాల సారం మార్చగలదని ఆమె ఓపికగా చెప్పారు. కీమో వల్ల కూడా పెరిగి ఉండవచ్చు, కానీ ముందు ఇది ఆపాలన్నారు. ఆపాం. 2 వారాల తరవాత 58కి దిగింది.

క్యాన్సర్ నయమవుతుందని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇంటికొచ్చి చెవిలో చెప్పేవాణ్ని ఎవరు పట్టుకుంటారు? మూత తీసిన సీసాకు డబ్బు రాదన్నాడు మా వాడు. మిగిలిన రెండింటి డబ్బు మాత్రం వాళ్ల గుమ్మంలో కూర్చుని వసూలు చేశాను. మీ ఇంట్లో కీమో నడుస్తుంటే పొడైనా, కషాయమైనా, సీసాతో సహా డాక్టరుకు చూపించండి.

అమ్మ రాత్రి రెండు ఇడ్లీలు తిన్నది. నాలుగో కీమోకు ముందు రక్తపరీక్ష వచ్చే నెల.