రెండో సర్వర్‌లోని నకలు

మా బ్యాకప్ సర్వర్‌లోని 4 టెరాబైట్ల డేటాను వేరే డేటా సెంటర్‌లోని మరో సర్వర్‌కు చేర్చే పని ఎట్టకేలకు ఒక కొలిక్కి వచ్చింది. సెకనుకు 100 మెగాబిట్ల లైన్ కావడంతో మొదటి నకలుకే దాదాపు 4 రోజులు పట్టింది. ఆ తరువాత, ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ అనే నకలు ప్రోగ్రామ్ మారిన భాగాలను మాత్రమే పంపుతుంది కనుక, ప్రతి రాత్రి కొద్ది నిమిషాలే సరిపోతున్నాయి.

అయితే రెండో వారంలో ఒక రాత్రి ఇక్కడి డిస్క్ మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కు అనుసంధానం కాలేదు. ఇక్కడ లేనివి అక్కడా ఉండకుండా చూసే నా నకలు స్క్రిప్ట్, ఖాళీ ఫోల్డర్‌నే అసలు డేటాగా భావించి, అక్కడి ఫైళ్లను తుడిచివేయడం మొదలుపెట్టింది. లాగ్‌లో ‘డిలీటింగ్’ అనే పదం వరుసకు వరుస పైకి జరుగుతుంటే నా గుండె ఆగినంత పనైంది. వెంటనే ఆపాను గానీ, అప్పటికే పోయిన ఫైళ్లను మళ్లీ పంపవలసి వచ్చింది.

నకలు తీయడమంటే తప్పును కూడా నకలు తీయడమేనని ఆ రాత్రి నాకు బాగా అర్థమైంది. ఇప్పుడు డిస్క్ మౌంట్ అయిందని నిర్ధారించుకున్నాకే స్క్రిప్ట్ ముందుకు సాగుతుంది. రెండో సర్వర్‌లో రోజువారీ స్నాప్‌షాట్‌లు (ఆ రోజు డేటా ఉన్నది ఉన్నట్టుగా దాచిన ప్రతులు) 30 రోజులు నిలిచి ఉంటాయి. పైగా మొదటి సర్వర్ పంపడానికి బదులు రెండోదే వచ్చి డేటాను తీసుకుంటుంది కాబట్టి, ఇక్కడికి ఎవరైనా చొరబడినా అక్కడికి ప్రవేశించే లాగిన్ కీలు వారికి దొరకవు.

నిన్న ఒక డేటాబేస్‌ను అక్కడే పునరుద్ధరించి చూడబోతే, ఆ డేటాను తెరవడానికి కావలసిన ఎన్‌క్రిప్షన్ కీ మొదటి సర్వర్‌లో మాత్రమే ఉందని తెలిసింది. దాని ప్రతిని ఈ ఉదయమే రెండు సర్వర్లకూ వెలుపల భద్రపరిచాను.