గంటకింత అంటారు, ఏ గంటకో చెప్పరు

బాబాయి కొడుకు కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే ఫోన్ చేశాడు. "అక్కా, చేరగానే ఎంతిస్తారు?" అన్నాడు. నేను కో-పైలట్‌గా చేసే ఎయిర్‌లైన్‌లో కొత్తవాళ్లకి గంటకి ఎంతో చెప్పాను. వాడు ఆ అంకెని ఎనిమిదితో, తర్వాత నెలలో పనిదినాలతో హెచ్చవేసి "అబ్బో!" అన్నాడు. నవ్వొచ్చింది. రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకున్నాను, ఆఫర్ లెటర్ వెనక పెన్సిల్‌తో. వాడికి అసలు సంగతి చెబుదామనుకునేలోపే స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే డ్యూటీ) కాల్ వచ్చి ఫోన్ పెట్టేయాల్సొచ్చింది. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మాకు డబ్బు లెక్కగట్టే గంటని బ్లాక్ టైమ్ అంటారు. బయల్దేరడానికి విమానం మొదట కదిలిన క్షణం నుంచి, దిగొచ్చి చివరికి ఆగే క్షణం దాకా ఎంతో అంత. పార్కింగ్ బ్రేక్ వదిలితే మీటర్ మొదలు, మళ్లీ వేస్తే బంద్. దానికి ముందూ వెనకా, రెండు విమానాల మధ్యా మనం పడే చాకిరీ డ్యూటీ టైమ్‌లో ఉంటుంది గానీ బ్లాక్‌లో ఉండదు.

పోయిన వారంలో ఒక రోజు చెబుతాను. అలారం 2 గంటలకి. రిపోర్టింగ్ 4:15. వాతావరణం, నోటమ్‌లు (దారిలో, ఎయిర్‌పోర్టుల్లో మార్పుల గురించి పైలట్లకిచ్చే నోటీసులు), ఇంధనం చూసుకుని, ఆ రోజు నా వంతు కాబట్టి టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరిగి టైర్లూ, గాలి వేగం కొలిచే ప్రోబ్‌లూ చూసొచ్చి కూర్చున్నాను. 5:15కి కదిలాం. నాలుగు సెక్టార్లు, అంటే ఎక్కి దిగే ప్రయాణాలు నాలుగు. మూడో దాని ముందు ఒక ప్రయాణికుడు ఎక్కకుండా ఉండిపోతే, అతని బ్యాగ్ వెతికి దించేదాకా గంటన్నర పైన నేల మీదే కూర్చున్నాం. మధ్యాహ్నం 1:25కి ఆఖరి బ్రేక్ వేశాం. కాగితాలన్నీ ముగించి 1:55కి డ్యూటీ అయింది. ఇల్లు చేరేసరికి 3 గంటలు. లేచిన దగ్గర్నుంచి లెక్కేస్తే పదమూడు గంటలు. డ్యూటీ 9 గంటల 40 నిమిషాలు. బ్లాక్ 5 గంటల 10 నిమిషాలు. ఆ బ్యాగ్ దించిన గంటన్నరలో నేను చేసిన పని గాల్లో చేసిన దానికంటే ఎక్కువే, టెన్షన్ కూడా ఎక్కువే. పైకం మాత్రం సున్నా.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు. కొన్ని ఒప్పందాల్లో 'డ్యూటీ రిగ్' అని ఒకటి పెడతారు: రెండు గంటల డ్యూటీకి కనీసం ఒక గంట పే, అలా. ఇంకొన్ని కంపెనీల్లో స్థిరమైన నెల జీతం విడిగా, ఎగిరిన గంటలకి అలవెన్స్ విడిగా ఉంటాయి. నెలకి 70 లేదా 75 గంటలు గ్యారంటీగా కట్టిస్తామనే ఒప్పందాలు చాలానే ఉన్నాయి. అంటే యాభై గంటలే ఎగిరినా ఆ డెబ్బైకి జీతం పడుతుంది. కాబట్టి తమ్ముడూ, ఆఫర్ లెటర్‌లో ముందు చూడాల్సింది గంట రేటు కాదు, ఈ గ్యారంటీ. ఆ తర్వాత బాండ్. టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడపడానికి కావాల్సిన శిక్షణ, అనుమతి) ఖర్చు కంపెనీయే పెట్టుకుంటే, ఇన్నేళ్ల లోపు మానేస్తే ఇంత కట్టాలని రాయించుకుంటారు. ఆ పేరా నేను చదవకుండానే సంతకం పెట్టాను. ఆ రోజు చదివే స్థితిలో లేను లెండి, యూనిఫాం కొలతల గురించే ఆలోచిస్తున్నాను.

ఇంకో సంగతి. చేరిన మొదటి నెలల్లో అసలు గంటలే ఉండవు. గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్, తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన లైన్ ట్రైనింగ్, అంటే మామూలు ప్రయాణికుల విమానాల్లోనే నేర్చుకోవడం. దాని చివర ఉండే పరీక్ష, లైన్ చెక్, నేను పాసయ్యేదాకా శిక్షణ భత్యమే ఇచ్చారు. లోన్ వాయిదాలకి మాత్రం ఈ శిక్షణ సంగతి తెలియదు.

స్టాండ్‌బై గురించి బయటివాళ్లకి ఎంత చెప్పినా అర్థం కాదు. "ఇంట్లోనే ఉన్నావుగా, సెలవేగా" అంటారు. ఫోన్ రింగయిన దగ్గర్నుంచి గంటన్నరలో యూనిఫాంతో రిపోర్ట్ చేయగలిగేలా ఉండాలి మా దగ్గర. పెట్టె సర్ది గుమ్మం పక్కన ఉంటుంది. చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి వేలాడుతుంది. తలంటుకోవడం ఒక సాహసం. స్నానానికి వెళ్తే ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి సబ్బుపెట్టె పక్కన పెట్టుకుంటాను. నీళ్ల చప్పుడులో రింగయిందేమోనని కుళాయి కట్టేసి ఎన్నిసార్లు విన్నానో. పిలవకపోతే ఏమీ చేయకుండానే అలసిపోయిన రోజు. పిలిస్తే, రాత్రి ఎనిమిదికి ముగియాల్సిన స్టాండ్‌బైలో ఏడుంబావుకి పిలుస్తారు.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా రోస్టర్ (నెల డ్యూటీల పట్టిక) జులు టైమ్‌లో, అంటే ప్రపంచమంతటా విమానాలకి ఒకటే లెక్కగా వాడే యూటీసీలో వస్తుంది. ఒక నెలలో తెల్లవారుజాము డ్యూటీ ఒకటి పడింది. జులు లెక్కలో అది 14వ తేదీ రాత్రి, మా గడియారంలో 15వ తేదీ తెల్లవారుజాము. నేను టైమ్ మార్చుకున్నాను, తేదీ మార్చుకోవడం మర్చిపోయాను. 14న చీకటితోనే లేచి, జుట్టు ముడేసి, టై పిన్‌తో సహా వెళ్లి డిస్పాచ్ కౌంటర్ ముందు నిలబడ్డాను. ఆయన స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ స్క్రీన్ చూశాడు. "మేడమ్, మీకివాళ ఆఫ్ కదా" అన్నాడు. ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు. మర్నాడు అదే టైమ్‌కి మళ్లీ లేవాలి. ఒకరోజు ఆలస్యంగా వెళ్లే రకం పొరపాటు కానందుకు సంతోషించమన్నాడు ఒక కెప్టెన్. అదీ నిజమే.

నిద్ర విషయంలో నిబంధనలు లేవని కాదు. అమెరికాలో 365 రోజుల్లో 1000 గంటలకి మించి ఎగరకూడదు. ఐరోపాలో 28 రోజుల్లో 100 గంటలు, క్యాలెండర్ ఏడాదిలో 900 దాటకూడదు. తెల్లవారుజాము 2 నుంచి 5:59 వరకు శరీరం బాగా మందగించే వేళగా రెండు చోట్లా నిబంధనల్లోనే రాసుకున్నారు. నాకు అలారం మోగేది సరిగ్గా ఆ వేళకే అనుకోండి.

అమెరికాలో ఇప్పుడున్న విశ్రాంతి నిబంధనల వెనక ఒక ప్రమాదం ఉంది. 2009 ఫిబ్రవరి 12న నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలిపోయి, నేల మీద ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ విమానం ముక్కు దించాల్సింది పోయి పైకి లాగాడు. ప్రధాన కారణం అదేనని దర్యాప్తు తేల్చింది. కానీ అదే దర్యాప్తులో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, సంగతి కూడా బయటికొచ్చింది. ఆమె ఉండేది సియాటిల్ వైపు, డ్యూటీ బేస్, అంటే డ్యూటీలు మొదలయ్యే ఊరు, నెవార్క్. ముందు రోజు రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరికి కార్గో విమానాల్లో వచ్చి, క్రూ రూమ్‌లో కాసేపు కళ్లు మూసుకుని డ్యూటీ ఎక్కింది. అలసట ప్రభావం ఉండే ఉంటుందన్నారు, ఎంతన్నది తేల్చలేకపోయారు. ఆమె జీతం ఎంతన్నదీ విచారణలో చర్చకొచ్చింది. ఆ తర్వాతే 2010లో చట్టం చేసి, 2014 జనవరి 4 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చారు: డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఆటంకం లేకుండా పడుకునే వీలు. అదీ ప్రయాణికుల విమానాలకే. కార్గో వాళ్లని వదిలేశారు. వాళ్లకి నిద్ర రాదు కాబోలు.

ట్రైనింగ్‌లో ఆ ప్రమాదం పాఠంగా చదివినప్పుడు నేను స్టాల్ రికవరీ మీదే దృష్టి పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే క్రూ రూమ్‌లోని ఆ సోఫా కనిపిస్తుంది.

పది గంటల విశ్రాంతి అంటే పది గంటల నిద్ర కాదు. అందులోంచి హోటల్ బండి కోసం ఎదురుచూడటం, చెకిన్, తినడం, స్నానం, పొద్దున మళ్లీ బండి, అన్నీ పోవాలి. పగటిపూట పడుకోవాల్సొస్తే కర్టెన్ల మధ్య సందులోంచి ఒక గీత వెలుతురు సరిగ్గా కంటి మీదే పడుతుంది. దానికి మందు అల్మారాలో ప్యాంటు తగిలించే క్లిప్పుల హ్యాంగర్. దాంతో కర్టెన్లు రెండూ కలిపి బిగించేస్తే చీకటి గుయ్యారం. ఇది నాకు ఏ మాన్యువల్లోనూ దొరకలేదు, ఒక సీనియర్ చెప్పింది. రూమ్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమనీ ఆవిడే చెప్పింది. నవ్వాను. నాలుగో రాత్రి నాలుగో హోటల్లో, నిన్నటి రూమ్ నంబర్ తలుపు ముందు నిలబడి కార్డు గీకుతుంటే లోపల్నుంచి ఎవరో దగ్గారు. అప్పట్నుంచి ఫోటో తీస్తున్నాను.

ఇక సీనియారిటీ. చేరిన తేదీని బట్టి ఒక నంబర్ ఇస్తారు. చేరినప్పుడు నాది 1,142. బేస్, సెలవులు, ఏ ఆదివారం ఇంట్లో ఉండాలి, అన్నిటికీ బిడ్ వేస్తాం, అంటే కావాల్సింది ముందే రాసి అడుగుతాం, నంబర్ వరసలో పంచుతారు. నా దాకా వచ్చేసరికి మిగిలేది ఎవరికీ అక్కర్లేనివే. నువ్వెంత బాగా ల్యాండ్ చేస్తావన్నది ఇక్కడ అనవసరం. ఇలాంటి పద్ధతున్న ఇంకో కంపెనీకి మారితే మళ్లీ అడుగు నుంచే. ఇది అన్యాయమని మొదట్లో గింజుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు; కనీసం ఎవరి మొహమాటాలూ పనిచేయవు.

నా సొంత తమ్ముడి నిశ్చితార్థానికి బిడ్ వేశాను, రాలేదు. రోజు మార్చుకుంటారా అని ఐదుగుర్ని అడిగాను. ఐదో ఆయన, కెప్టెన్ కావడానికి దగ్గరపడ్డ ఫస్ట్ ఆఫీసర్, కారణం కూడా అడక్కుండా సరే అన్నాడు. తీరా ఆ మార్పుతో నా విశ్రాంతి సరిపోవడం లేదని సిస్టమ్ ఒప్పుకోలేదు. నిబంధన నన్ను కాపాడటానికే పెట్టారు మరి. వీడియో కాల్‌లో చూశాను, లేఓవర్ (డ్యూటీల మధ్య వేరే ఊళ్లో బస) హోటల్ మెట్ల దగ్గర సిగ్నల్ బాగుందని అక్కడే కూర్చుని. అమ్మ ఫోన్‌ని ఒక్కొక్కరి మొహం ముందుకీ తిప్పుతూ "ఇదిగో మన పైలట్" అంటోంది. నా మొహానికి ఇంకా మాస్కారా ఉంది, కాళ్లకి హోటల్ చెప్పులు.

ఇవన్నీ చెప్పాక బాబాయి కొడుకు ఒకటే అడుగుతాడని తెలుసు: "అయితే వద్దంటావా అక్కా?" వద్దనను. వర్షంలో గాలి ఒక పక్క నుంచి తోస్తుంటే, కెప్టెన్ చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే దింపనిచ్చిన రోజులున్నాయి. ఆ నిమిషంన్నర కూడా బ్లాక్ టైమ్‌లోనే ఉంది, దానికీ అదే రేటు. కానీ ఆ ఎనిమిదితో హెచ్చవేసిన కాగితం మాత్రం చించేయమంటాను.

వచ్చే నెల రోస్టర్ సాయంత్రం వచ్చింది. తెల్లవారుజాము రిపోర్టింగ్‌లు ఆరు, స్టాండ్‌బైలు ఐదు, ఒక ఆదివారం ఆఫ్. నా సీనియారిటీ నంబర్ 1,061కి చేరింది. రేపు 4:30 రిపోర్టింగ్. మూడు అలారాలు పెట్టాను. తేదీ కూడా రెండుసార్లు చూసుకున్నాను.