ముప్పావు జీబీ కోసం షాపులో నా పరువు

మా ఇంట్లో కంప్యూటర్‌కి ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే. మార్చను. నా లెక్కల ప్రశ్నపత్రాలన్నీ పాత తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. కొత్త మెషీన్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. మరీ నత్తనడక నడుస్తోందని మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ, వేయించాను. రెండు జీబీవి రెండు స్టిక్కులు, మొత్తం నాలుగు. పావుగంట పని.

ఇంటికొచ్చి మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే 3.25 జీబీ! మిగతా ముప్పావు ఏమైనట్టు? విశాఖలో ఉండే మా తోడల్లుడికి ఫోన్ చేశాను. "డూప్లికేట్ అంటగట్టాడు, వెళ్లి నిలదియ్యి" అని కూర్చున్నచోటే తేల్చేశాడు. ఇలాంటి ఫోన్ ఇంజినీర్ల మాట మాత్రం వినకండి.

సీపీయూ ఆటోలో వేసుకెళ్లాను. షాపు నిండా జనం. "ఏటి బావూ, నాలుక్కి డబ్బులు తీసుకుని మూడుంపావు పెడతావా?" అని గట్టిగానే అరిచాను. కుర్రాడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెషీన్ ఆన్ చేసి, డిలీట్ కీ నొక్కి, బయోస్ తెరిచాడు, విండోస్ కంటే ముందే మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూపించే తెర అది. 4096 ఎంబీ, అంటే నాలుగు జీబీకి నాలుగూ.

"మాస్టారూ, రెండు టు ద పవర్ ముప్పై రెండు ఎంత?"

ఘాతాంకాలు చెప్పి చెప్పి గొంతు అరిగిన మనిషిని. 4,29,49,67,296. నోటికే చెప్పాను, ఆ షాపులో ఇంకెవరికీ వచ్చుండదు.

"ఈ 32 బిట్ విండోస్ దగ్గరున్న డోర్ నంబర్లు అన్నే మాస్టారూ. బైటుకొకటి. సరిగ్గా నాలుగు జీబీకి సరి. గ్రాఫిక్స్ కార్డుకీ, మిగతా డివైసులకీ కూడా అందులోంచే ఇవ్వాలి. వాటికి పోగా నంబరు దొరకని ర్యామ్ ఉన్నా లేనట్టే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లెక్క నాదే, బోధపరిచింది వాడు. చెవులు వేడెక్కిపోయాయి.

అయినా తప్పంతా నాదేనా? ఎక్స్‌పీ జీతంలో చేతికొచ్చే నెట్‌లా, వాడుకోడానికి మిగిలింది ఒక్కటే చూపిస్తుంది, గ్రాస్ ఎంతో, కోతలెంతో రాయదు. పక్కనే విండోస్ 7 మెషీన్ ఉంటే చూశాను. 4 జీబీ అని వేసి, పక్కన బ్రాకెట్లో వాడుకోడానికి ఇంత అని కూడా వేసింది. జీతం బిల్లంటే అలా ఉండాలి.

మదర్‌బోర్డు ఒప్పుకుంటే, డోర్ నంబర్లు ఇంకా చాలా ఉండే 64 బిట్ విండోస్ వేస్తానన్నాడు. నా ఫాంట్లు గుర్తొచ్చి వద్దన్నాను.

"రెండూ ఒకటీ కలిపి మూడు జీబీ వేస్తే సరిపోయేదిగా, ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"నాలుగే కావాలని మీరే పట్టుబట్టారు కదా మాస్టారూ."