ఇవాళ ఏ నెలకి వెళ్లొచ్చావు?

మా బాబాయి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఒంగోల్లోనే తీయించుకోవచ్చు కదా అని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నాం. వినలేదు. పాతికేళ్ల కిందట ఆయన స్నేహితుడెవరో మధురలో ఆపరేషన్ చేయించుకొచ్చి, పోయేదాకా దారానికి సూది ఎక్కించాడట. ఆ సూదీదారం కథ మా ఇంట్లో వెయ్యిసార్లు విన్నాం. 1976లో 11 పడకలతో మొదలై, ఇప్పుడు ఊళ్లూళ్లకూ పాకిన అరవింద్ కంటి ఆసుపత్రి అక్కడిదే. సరే, తోడు నేను.

టికెట్లు తీసిన కుర్రాడు "మధుర అంటే ఆగ్రా దగ్గరదా సార్?" అన్నాడు. మనవాళ్లకు రెండూ మధురలే. అక్కడ కృష్ణుడు, ఇక్కడ మీనాక్షి. తమిళులకు ఆ తికమక లేదు, వాళ్లది మదురై.

మద్రాసులో పగలు గడిపి రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారకముందే దించేసింది. స్టేషన్ బయట తోపుడుబండి మీద పెద్ద ఇత్తడి బిందె, చుట్టూ జనం. టీ అనుకుని రెండు గ్లాసులు చెప్పాను. చిక్కగా, బెల్లం తీపితో, శొంఠి ఘాటుతో ఉంది. ఏమిటని అడిగితే "పరుత్తి పాల్" అన్నాడు. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి తీసిన పాలు. బాబాయి గ్లాసు చేతిలో పట్టుకుని నావంక చూశాడు. "ఒరేయ్, ఇది మనం గేదెలకు పెడతాం కదరా." అని ఇంకో గ్లాసు చెప్పించుకున్నాడు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున లోపలికెళ్లాడు, బయటికొచ్చాడు, మర్నాడు కట్టు విప్పి నల్లద్దాలు పెట్టి పంపారు. దుమ్ము తగలకూడదు, తలమీద నీళ్లు పోసుకోకూడదు, చుక్కల మందు గంటల ప్రకారం వెయ్యాలి, రెండ్రోజుల తర్వాత మళ్లీ చూపించాలి. పశ్చిమ పెరుమాళ్ మేస్త్రీ వీధిలో లాడ్జి. గదిలో ఆయనకు టీవీ చూడ్డం బోరు, కళ్లు మూసుకుని కూర్చోడం ఇంకా బోరు. "నువ్వు పోయి ఊరు చూసిరా. వచ్చి నాకు చెప్పు" అన్నాడు.

పోదామంటే దారి తెలిస్తే కదా. ఈ ఊరి పాతబస్తీ ఒక పెట్టెలో పెట్టె, దాంట్లో ఇంకో పెట్టె. నట్టనడుమ మీనాక్షి గుడి. గుడి చుట్టూ చదరంగా వీధులు, ఆ వీధులకు నెలల పేర్లు. గోడ లోపల ఆడి, గోడ వెలుపల చిత్తిరై, దాని చుట్టూ ఆవణి మూల, దాని చుట్టూ మాసి. ఒక్కో పేరుకు నాలుగు దిక్కులు. లాడ్జి మేనేజరు కాగితం మీద నాలుగు చదరాలు గీసి ఇచ్చాడు. సాయంత్రం తిరిగి రాగానే బాబాయి మొదటి ప్రశ్న: "ఇవాళ ఏ నెలకి వెళ్లొచ్చావు?"

మొదటిరోజు మాసికి వెళ్లాను. మాసి అంటే మన మాఘం చివర, ఫాల్గుణం మొదలు. తూర్పు మాసి వీధి పప్పుదినుసులు, ఎండుమిర్చి, చింతపండు టోకు బేరాల వీధి. మిర్చి బస్తాలు దించేచోట నాకు తుమ్ములు ఆగలేదు. బస్తా మోసే మనిషి జాలిపడి అంగడి మెట్టు మీద కూచోబెట్టాడు. అక్కణ్ణుంచి చూస్తే తెలిసింది, ఆ వీధిలో ఎవరూ కాళ్లకేసి చూసి నడవరు. తలమీద బస్తా ఉన్నవాడిదే దారి, కార్లో ఉన్నవాడైనా ఆగాల్సిందే.

ఒక తమాషా ఏమిటంటే, మాసి వీధుల్లో రథం తిరిగేది మాసి నెలలో కాదు, చిత్తిరైలో. మీనాక్షి కల్యాణం ఒకప్పుడు మాసిలోనే జరిగేదట. 17వ శతాబ్దంలో మదురైని ఏలిన తిరుమల నాయకుడు దాన్ని చిత్తిరైకి జరిపి, అళగర్ కొండ విష్ణుస్వామి వైగై నదిలో దిగే పండగతో కలిపేశాడు. శైవులదీ వైష్ణవులదీ ఒకే జాతర అయింది. నెల మారింది, వీధి మాత్రం మారలేదు.

పశ్చిమ మాసి వీధిలో ఓ ఖాదీ దుకాణం ఉంది. 1921 సెప్టెంబరు 22న గాంధీగారు చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టింది ఆ మేడ మీదే. లోపల ఒకాయన తువ్వాళ్లు మడతపెడుతున్నాడు. నేనూ ఒక తువ్వాలు కొన్నాను, చూడ్డానికే వచ్చానని చెప్పడానికి మొహమాటమేసి. అక్కడికి దగ్గర్లోనే హనుమంతరాయన్ కోవెల వీధి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పుట్టి పెరిగిన ఇల్లు ఆ సందులోదే, ముఖద్వారం పైన వీణ బొమ్మ ఉంటుంది. ఆ సాయంత్రం బాబాయికి ఈ రెండూ చెబితే గాంధీ విషయం తలూపి వదిలేశాడు గానీ, వీణ ఎంత పొడవుంది, ఏ రంగుంది అని పది ప్రశ్నలేశాడు. వీణ గుర్తుంది, రంగు గుర్తులేదు. "రెండు కళ్లూ ఉండి ఏం లాభంరా" అన్నాడు.

రెండోరోజు దక్షిణ ఆవణి మూల వీధి. అంతా బంగారం కొట్లు. మన ఇళ్లలో లాగే అక్కడా తల్లి, కూతురు, వెనకాల సంచి పట్టుకుని తండ్రి. మా ఆవిడ ఫోన్ చేసి, సుంగుడి చీర తెమ్మని, ఏ రంగు, ఎంత అంచు, ఎంత ధర లోపల, అన్నీ చెప్పింది. నేను "సరే, సరే" అంటూ ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వుతూ "మదురైయా, చిదంబరమా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాడు: మదురైలో మీనాక్షిదే పెత్తనం, చిదంబరంలో నటరాజుది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని అడగడానికి ఇక్కడ అలా అంటారట. నేను "మదురై" అన్నాను. "ఇక్కడ అందరిదీ అదే" అని మీటరు కంటే ఇరవై ఎక్కువ తీసుకున్నాడు.

సుంగుడి చీరలు సౌరాష్ట్రులవి. ముడులు కట్టి రంగులో ముంచి, ఆరాక విప్పితే చుక్కలు తేలతాయి. గుజరాత్ నుంచి బయల్దేరి, విజయనగరం మీదుగా దిగి, ఇక్కడ స్థిరపడిన నేతగాళ్లు వాళ్లు. చీర చూపించినాయన ఇంట్లో సౌరాష్ట్రం, అంగట్లో తమిళం. నాతో మాత్రం సినిమాల తెలుగు మాట్లాడాడు. వాళ్ల భాషలో మన మాటలు చాలానే కలిశాయంటారు, వింటుంటే నాకూ ఒకటీ అరా చిక్కాయి.

అసలు తెలుగు వినబడింది మాత్రం తూర్పు చిత్తిరై వీధిలో, గోపురం ఎదురుగా. పూలమ్మే ఆవిడ పక్కబుట్ట ఆవిడతో మాట్లాడుతుంటే చెవి నిక్కింది. "మీరు తెలుగువాళ్లా అమ్మా?" అన్నాను. "ఇంట్లో తెలుగే సామీ. రాసేదీ చదివేదీ అరవం" అంది. ఎన్ని తరాల కింద వచ్చారో ఆవిడకు తెలియదు. "మా అవ్వకీ తెలీదు. మీరు యాడనించి?" ఒంగోలు అంటే ఎద్దులా అంది!

ఈ ఊరి మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు మందం, మొగ్గ గుండ్రం, సాయంత్రానికి గానీ విచ్చుకోదు. మాట్టుత్తావణి పూలమార్కెట్లో పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి ఇంకో ధర. చలికాలం దిగుబడి పడిపోతుంది కాబట్టి ఫిబ్రవరిలో మల్లె కొనడమంటే కాస్త దమ్ముండాలి. కట్టిన మాల మూరల లెక్కనే అమ్ముతారు, మనలాగే. మోచెయ్యి నుంచి వేలికొస దాకా. నేను పొడుగు చేతులున్న ఇంకో ఆవిడ బుట్టకేసి చూశాను. మా తెలుగావిడ కనిపెట్టేసింది. "ఆ యమ్మ మూర పొడుగు, పూలు ఎడం ఎడం. నాది పొట్టి, ఒత్తు. ఏది కావాల?" రెండు మూరలు ఇవ్వమన్నాను.

ఆ మాటలు చెవిలో ఉండగానే తిరుమల నాయకర్ మహల్‌కు వెళ్లడం వల్లనేమో, అక్కడ నాకు వేరే ఆలోచన వచ్చింది. 1636లో కట్టిన భవనం, ఇప్పుడు మిగిలింది కొంతే. మనవడు చొక్కనాథుడు రాజధానితోపాటు రాళ్లనూ కొయ్యనూ విప్పి తిరుచ్చికి తీసుకుపోయాడు. సాయంత్రం కాంతి, శబ్ద ప్రదర్శనలో తిరుమల నాయకుడు గంభీరమైన తమిళంలో మాట్లాడాడు. ఆ వంశంలోనే తర్వాత వచ్చిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచనం రాసినవాడు. మరి రాత్రి భోజనం దగ్గర ఈయన ఏ భాషలో ఉప్పు అడిగేవాడో? బహుశా పూలమ్మి భాషలోనే.

మహల్ నుంచి నడిచి విళక్కుత్తూణ్ దగ్గరికొచ్చి జిగర్‌తండా తాగాను. విళక్కుత్తూణ్ అంటే దీపస్తంభం. 1840లలో కోటగోడలు పడగొట్టించి ఊరిని విశాలం చేసిన కలెక్టర్ బ్లాక్‌బర్న్ పేరున నిలిపింది. మా లాడ్జి వీధికి పేరొచ్చిన పెరుమాళ్ మేస్త్రీ కూడా ఆ గోడలు కూల్చిన పనిలో మనిషే. కలెక్టరుకు స్తంభం, మేస్త్రీకి వీధి. బేరం మేస్త్రీకే కిట్టిందనిపించింది. ఇక జిగర్‌తండా అంటే మరగకాచిన పాలు, బాదం బంక, నన్నారి పాకం, పైన ఐస్‌క్రీం. రాయలసీమ బంధువుల ఇంట తాగిన నన్నారి గుర్తొచ్చింది గానీ, ఆ బంక జారుడు నాకు పడలేదు. ఊరంతా మెచ్చేదాన్ని నేను మెచ్చలేదంటే తప్పు నాదే అయ్యుంటుంది.

రాత్రి గుడికి వెళ్లాను. 2018లో లోపల అగ్నిప్రమాదం జరిగాక సెల్‌ఫోన్లు రానివ్వడం లేదు, బయట అప్పగించాలి. అందుకే చేతులు ఖాళీ, కళ్లకే పని. తొమ్మిది దాటాక సుందరేశ్వరుడి పాదుకలు వెండి పల్లకిలో మీనాక్షి పడకగదికి బయల్దేరాయి. నాదస్వరం ముందు, సాంబ్రాణి పొగ వెనక. రోజూ రాత్రి ఆయనే ఆవిడ దగ్గరికి వెళ్లాలి. ఆటో డ్రైవరు మాట నిజమే.

బయటికొస్తే ఊరు అప్పుడే నిద్రలేచినట్టుంది. దీన్ని తూంగా నగరం, నిద్రపోని ఊరు అనడం ఊరికే కాదు. రోడ్డుపక్క పెనం మీద రెండు రేకులతో పరోటా కొట్టే చప్పుడు, తాళం తప్పకుండా. పార్శిల్ తీసుకుని గదికి వెళ్లేసరికి పదకొండు. బాబాయి మేలుకునే ఉన్నాడు. "ఆ చప్పుడేంట్రా, ఇందాకట్నుంచి?" పొట్లం విప్పి చూపించాను.

మూడోరోజు పరీక్ష చేసి అంతా బాగుందన్నారు. "గుంపులో తోసుకోకుండా, బయటినుంచి చూడొచ్చా?" అని ఆయనే డాక్టరమ్మని అడిగాడు. సరేనంది. తిరిగొస్తూ ఏవీ వంతెన మీద ఆటో ఆపించాడు. కింద వైగైలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ, గడ్డి మేస్తున్న ఆవులు. "దీంట్లోనా స్వామి దిగేది?" అన్నాడు. "ఆ నెలకి నీళ్లు వదుల్తారట బాబాయ్."

చుక్కల మందు సీసాలు జేబులోంచి జారిపోతున్నాయని సంచీ కుట్టించాలన్నాడు. గుడి ఎదుట ఉన్న పుదుమండపం రాతిస్తంభాల నడుమ తరాల తరబడి మిషన్లు తొక్కిన దర్జీలు ఇప్పుడు దగ్గర్లోని కున్నత్తూరు సత్రంలోకి మారారు. వాళ్లలో ఒకాయన, మా తువ్వాలు గాంధీగారిదని తెలియక, దాన్నే కత్తిరించి పావుగంటలో మెడకు వేసుకునే సంచీ కుట్టిచ్చాడు.

చిత్తిరై వీధుల్లోకి బళ్లు రావు. మెల్లగా నడిపించుకుంటూ దక్షిణ గోపురం దాకా తీసుకెళ్లాను. అన్నిటికన్నా ఎత్తైంది అదే, దాదాపు 170 అడుగులు. కింద నుంచి పైదాకా దేవుళ్లు, రాక్షసులు, సింహంలాంటి యాళులు, రంగు రంగులు. బాబాయి నల్లద్దాలు పైకెత్తాడు. ఆపరేషన్ కాని కంటితో చూసి, దాన్ని అరచేత్తో మూసి కొత్త కంటితో చూశాడు. మళ్లీ మార్చాడు. అలా అయిదారుసార్లు.

"ఒరేయ్, ఈ కంటికి గోపురం పసుపుకొమ్ములా ఉందిరా. ఈ కంటికి నీలం నీలంగా, నిన్న రంగేసినట్టుంది. ఏది నిజం?"

కొత్తదే అన్నాను. అద్దాలు దించుకుని, మెడలో సంచీ సవరించుకుని, "ఆ ఒంగోలు ఎద్దులావిడ ఏదీ?" అన్నాడు. చూపించాను. దగ్గరికెళ్లి, రెండు మూరలు ఇవ్వమని, ఆవిడ కొలుస్తుంటే మోచేతిమీదకి వంగి ఒక్కో మొగ్గా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.