ఇరవై యంత్రాలు తీసుకెళ్తే పన్నెండింటికే రసీదు

హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే మా చిన్న సంస్థ తరఫున ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రాలు) అప్పగించే పని నామీద పడింది. నిన్న మధ్యాహ్నం రసీదు చేతికి వచ్చింది కనుక, ఒళ్లు మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

అమెరికాలో ఉంటున్న మా యజమాని బంధువులు ఇరవై యంత్రాలు కొని పంపారు. ఉచితంగా పంచే ఇటువంటి కోవిడ్ సామగ్రికి 2021 మే 3 నుంచి ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద వేసే పన్ను) మినహాయింపు ఇచ్చారు. దానికి కావలసిన రాష్ట్ర నోడల్ అధికారి పత్రమూ, శంషాబాద్ కార్గోలో సరుకు విడుదలా ఇబ్బంది లేకుండా జరిగాయి. లాక్‌డౌన్ సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే ఉండడంతో, తెల్లవారగానే డీసీఎం వ్యానులో బయలుదేరాను.

సూపరింటెండెంటు గారి అంగీకార లేఖ చూపినా స్టోర్‌కీపరు నన్ను సరుకు అంటగట్టడానికి వచ్చిన ఏజెంటుగానే చూసి, బిల్లు లేకపోతే రిజిస్టరులో ధర ఎంత వేయాలని నిలదీసి, గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ తరువాత వచ్చిన బయోమెడికల్ ఇంజనీరు, మా అబ్బాయి వయసువాడు, ఒక యంత్రాన్ని వెనక్కి తిప్పి నేమ్‌ప్లేటు మీద వేలు పెట్టాడు: 115 వోల్టులు, 60 హెర్ట్జ్. మన కరెంటేమో 230 వోల్టులు, 50 హెర్ట్జ్.

“సార్, మీది కరెంటు కంపెనీయే కదా?”

ఇరవై రెండేళ్లుగా కొత్త కుర్రవాళ్లకు ముందు నేమ్‌ప్లేటు చదవమని పాఠాలు చెప్పిన నేను, స్టోర్‌కీపరు ఎదుట తల దించుకున్నాను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు మా వర్క్‌షాపులోనే చుట్టించి ఇస్తానన్నాను. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని దించుతుందేగాని ఫ్రీక్వెన్సీని, అంటే ఆ హెర్ట్జ్‌ను, మార్చదనీ, 60 హెర్ట్జ్‌కు చేసిన కంప్రెసరు మన 50 మీద నెమ్మదిగా తిరిగితే ఆక్సిజన్ శాతం పడిపోవచ్చనీ ఆ అబ్బాయి నాకే వివరించాడు. అటువంటివి ఎనిమిది తేలాయి. మిగతా పన్నెండూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌వి కావడంతో గట్టెక్కాయి. అవి కూడా నిమిషానికి ఐదు లీటర్ల ఆక్సిజన్ ఇచ్చేవే గనుక, ఐసీయూకు చాలవనీ కోలుకుంటున్నవారి వార్డులో పెడతామనీ డాక్టరు గారు చెప్పారు.

బ్యానరు ముందు ఫోటోకు పది నిమిషాల్లో సిద్ధమైనవారు రసీదు మీద సంతకానికి మూడు రోజులు తిప్పారు. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని చట్టం చెబుతుంది. మేము ఆ లెక్కలోకి రాకపోయినా ముందుకు వచ్చాము, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మీరూ ఇవ్వదలిస్తే స్టోర్స్ గడప తొక్కకముందే ఆ ఇంజనీరుకు నేమ్‌ప్లేటు ఫోటో పంపండి. ఫోటోకు నిలబడే ముందే సీరియల్ నంబర్లతో రసీదు పుచ్చుకోండి.

ఉచితంగా పంచాలనే షరతు మీద వచ్చినవి కాబట్టి ఆ ఎనిమిదింటినీ అమ్మడానికి లేదు. అవి మా ఆఫీసు మెట్ల కింద ఉన్నాయి. యంత్రాలన్నీ వార్డులో నడుస్తున్న వీడియో పంపమని అమెరికా నుంచి రెండు రోజులుగా వాట్సాప్‌లో అడుగుతున్నారు. నేనింకా జవాబు ఇవ్వలేదు.