దాటు, వదిలెయ్, వెనక్కి

2022 సెప్టెంబర్ 18, ఆదివారం. నుంగంబాక్కం టెన్నిస్ స్టేడియంలో చెన్నై ఓపెన్ మహిళల డబుల్స్ ఫైనల్. మా వరసలో మా పాప ఒక్కతే లేచి నిలబడి "గో గాబీ" అని గొంతు చించుకుంటోంది. కూర్చోవే బాబూ అని నేను తెలుగులో కసరడం విని ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. మా ఆయన గుంటూరన్నారు, నేను ఈ చెన్నైలోనే వేళచ్చేరి అన్నాను, పాప ఒట్టావా అంది. మూడూ నిజాలే. ఆయన నవ్వేసి, "మేం మూడు తరాలుగా చూళైమేట్లోనే, మీరే నయం" అన్నారు. ఏం నయమో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

పదేళ్లు కెనడాలో ఉండి ఆ జూన్‌లోనే వచ్చేశాం. పాపకి తొమ్మిదేళ్లు, పుట్టింది అక్కడే. ఆ గాబీ, అంటే గాబ్రియేలా దబ్రౌస్కీది కూడా ఒట్టావానే కాబట్టి దాని లెక్కలో ఆమె సొంతూరి మనిషి. జోడీగా ఆడుతున్న లూయిసా స్టెఫానీ బ్రెజిల్ అమ్మాయి. ముందు ఏడాది యూఎస్ ఓపెన్ సెమీస్‌లో వీళ్లిద్దరూ కలిసి ఆడుతుండగానే స్టెఫానీ మోకాలు దెబ్బతింది, వీల్‌చెయిర్‌లో కోర్టు బయటికి తీసుకెళ్లారు. ఏడాది తర్వాత మళ్లీ అదే పార్ట్‌నర్‌తో మన చెన్నైలో దిగింది. బ్లింకోవా, జలమిద్జేల మీద 6-1, 6-2. మ్యాచ్‌గా చూస్తే ఏకపక్షమే, కానీ మా పాపకి మ్యాచ్ కంటే ప్రతి పాయింటుకీ మధ్య వాళ్లు దగ్గరికొచ్చి, నోటికి బంతి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పుకోవడమే బాగా నచ్చింది. "వాళ్లు ఏ లాంగ్వేజ్‌లో మాట్లాడుకుంటారు?" అని అడిగింది. ఇంగ్లీషే అయి ఉంటుందన్నాను. "మరి ఇంట్లో?" ఆ అమ్మాయి ఇంట్లో పోర్చుగీసు మాట్లాడుకుంటారేమో అన్నాను. మళ్లీ మాట్లాడలేదు.

మా ఇంట్లో సంగతి ఏంటంటే, పాపకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అక్కడ ఉన్నప్పుడు ఇండియా వెళ్తే అదే వస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. వచ్చాక నాలుగు నెలలకే తమిళం వచ్చేసింది, లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్‌తో, తను ఆట నేర్చుకునే టెన్నిస్ అకాడమీలో పిల్లలతో గడగడా. తెలుగు మాత్రం ఉన్నచోటే ఉంది. ఫోన్లో మా అమ్మ "అరవం వచ్చింది గానీ తెలుగు రాలేదుటే దీనికి" అంటే నా దగ్గర సమాధానం లేదు. బడిలో తమిళం ఎలాగూ తప్పదు, దాని మీద నాకేం ఫిర్యాదు లేదు.

దాని ఆట కాస్త కుదురుకున్నాక పాస్‌పోర్ట్ గోల మొదలైంది. కెనడా పౌరసత్వం, ఇక్కడ ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చేది. రెండు పౌరసత్వాలు మన చట్టం ఒప్పుకోదు, ఓసీఐ ఉంటే దేశం తరఫున ఆడటానికి లేదు. న్యూజెర్సీలో పుట్టిన సునీతా రావు 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ సానియాతో డబుల్స్ ఆడింది. అదే ఏడాది డిసెంబర్‌లో భారత పౌరులే ఆడాలని కేంద్రం తేల్చేసింది, ఆమెకి ఆ దారి మూసుకుపోయింది. ఈ చెన్నైవాడైన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ కొడుకు ప్రకాశ్‌కీ ఇదే చిక్కు. మా ఆయన "దేశానికి ఆడేదాకా వస్తే అప్పుడు చూద్దాం, ముందు దాన్ని బ్యాక్‌హ్యాండ్ సరిచేసుకోమను" అంటారు, అదీ నిజమే. పాప వాదన వేరే. 2023లో దబ్రౌస్కీతో కలిసి యూఎస్ ఓపెన్ గెలిచిన ఎరిన్ రౌట్‌లిఫ్ ఆక్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, మొదట కెనడాకి ఆడి, తర్వాత న్యూజిలాండ్‌కి మారిందట. "ఆమెకి రెండూ ఉన్నాయి కదా, నాకెందుకు ఒక్కటే?" అంటుంది. చట్టం అలా ఉందమ్మా అని చెప్తే అది సమాధానమే కాదంటుంది.

అకాడమీలో దానికి ఒక పార్ట్‌నర్ కుదిరింది, తిరునెల్వేలి వాళ్లమ్మాయి. మొదట్లో మధ్యలో పడే బంతికి ఇద్దరూ పరిగెత్తేవాళ్లు, లేకపోతే ఇద్దరూ ఆగిపోయేవాళ్లు. ఒకసారి రాకెట్లు రెండూ టకామని తగిలి మా దాని రాకెట్ అంచున పెయింట్ లేచిపోయింది, కొని పదిరోజులు కాలేదు. ఏదో ఒకటి అరిచి చావండి అన్నాడు కోచ్. తమిళంలో అరిస్తే అవతలివాళ్లకి తెలిసిపోతుంది, ఇంగ్లీషైనా అంతే. ఆ రాత్రి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, స్విచ్ అనడానికి, అంటే కోర్టులో అటూ ఇటూ మారమనడానికి తెలుగులో ఏమంటారు?" అంది. తెలుగు మాట కావాలని అది నన్ను అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. స్టవ్ మీద పోపు మాడిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాను: దాటు, వదిలెయ్, వెనక్కి, నీది.

మర్నాడు పార్ట్‌నర్ ఆ నాలుగూ బాల్‌పెన్నుతో మణికట్టు మీద తమిళ అక్షరాల్లో రాసుకుంది. తమిళంలో త, ద రెండిటికీ ఒకటే అక్షరం, ట, డలకీ అంతే. దాంతో ఆ పిల్ల నోట్లో "దాటు" కాస్తా "తాడు" అయిపోయింది. "తాడు! తాడు!" అని అరుస్తుంటే మొదటిరోజు నేను నిజంగానే కోర్టు మీద తాడేమైనా పడి ఉందేమోనని చూశాను. సరిచెయ్యబోతే మా పాప, "వద్దమ్మా, తాడే బాగుంది, తెలుగువాళ్లకి కూడా అర్థం కాదు" అంది.

పోయిన నెల పక్క క్లబ్బు పిల్లలతో మ్యాచ్. మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్, 8-8. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. పార్ట్‌నర్ "తాడు!" అంది, మా పాప కుడివైపుకి దూకింది. అవతలి చిన్నది తీరిగ్గా ఎడమ పక్క ఖాళీలోకి బంతి తోసేసింది. తర్వాతి పాయింట్ కూడా మళ్లీ అచ్చం అంతే, 8-10.

నెట్ దగ్గర చేతులు కలపడానికి వచ్చి ఆ చిన్నది, "తాడు కాదక్కా, దాటు" అంది స్వచ్ఛమైన తెలుగులో. వాళ్లది నెల్లూరట.

మా పాప ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అంది, తెలుగులోనే. పక్కన పార్ట్‌నర్ అప్పటికే మణికట్టుకి ఉమ్మి రాసి రుద్దేస్తోంది.