డెట్‌లో 'బి' ఎందుకుంది? ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో నా ప్రిపరేషన్

ఫ్రెండ్స్, మాది దేవరకొండ దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నల్లగొండలో రూమ్ తీసుకుని, కేంద్ర ప్రభుత్వ క్లర్కు ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌కి చదివాను. టైర్-1లో, అంటే మొదటి దశ పరీక్షలో, ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు, ఒక్కో తప్పుకు అర మార్కు కోత. మాక్ టెస్టుల్లో నా మార్కులు ఎక్కువగా స్పెల్లింగ్ దగ్గరే పోయేవి.

మనకు పలికినట్టు రాయడం అలవాటు. 'డెట్' (అప్పు) అని వింటే డి, ఈ, టి దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. రోజుకు యాభై పదాలు ఇంపోజిషన్ రాసినా వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వచ్చేవాణ్ణి. ఒకరోజు లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి ఆ పదం పుట్టుక చూశాను. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదట. 16వ శతాబ్దంలో చదువుకున్నవాళ్లు దాని లాటిన్ మూలం 'డెబిటుం' కనిపించాలని బి చేర్చారు. జనం నోట్లో మాత్రం పాత మాటే మిగిలింది. మన పాస్‌బుక్కులో ఉండే 'డెబిట్' కూడా ఆ ఇంటిదే! ఇక ఆ బి నేను మరచిపోలేదు.

'ఐలాండ్'లో ఎస్ అయితే అచ్చంగా పొరపాటు. దీవి అనే అర్థమే ఉన్న 'ఐల్' అనే ఇంకో పదానికి చుట్టమనుకుని అతికించారు, నిజానికి రెండింటికీ సంబంధమే లేదు. 'నీ' (మోకాలు), 'నైఫ్' (కత్తి) ముందున్న కె ఒకప్పుడు పలికేదే. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, పలుకు మాత్రం మారుతూ పోయింది. 'ఏప్రన్' అసలు 'నాప్రన్'. 'ఎ నాప్రన్' అనీ అనీ 'యాన్ ఏప్రన్' అయింది. నల్ల, కొండ కలిసి మన నల్లగొండ కాలేదా? మాటలు కలిసేచోట అక్షరం మారడం మనకు కొత్త కాదు.

నోట్‌బుక్‌లో పలకని అక్షరాన్ని ఎర్ర పెన్నుతో రాసి, పక్కన దాని కథ ఒక్క ముక్కలో రాసుకోండి. అన్నిటికీ కథ వెతకొద్దు, టైమ్ చాలదు. 'అకామడేషన్'లో రెండు సీలు, రెండు ఎమ్‌లు చేత్తో రాసి పట్టుకోవాల్సిందే.

నాకు అన్నిటికంటే నచ్చింది 'బాండికూట్'. అది మన పందికొక్కు. తెలుగు నుంచే ఇంగ్లిష్‌లోకి పోయింది, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు కూడా అదే పేరు పెట్టారు. ఆ రాత్రి ఫోన్‌లో చెప్తే నాన్న, "మన వడ్ల బస్తాలు కొరికేదేనా?" అని రెండుసార్లు అడిగాడు.